కింది కొస

మా బాపు మంచితనం తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచితనం ఉండాలి, కాదనను. నడుం విరిగేదాకా ఉండాలా? బిక్షపతి లాంటి మనిషి దొరకడని పదిమందీ అంటుంటే వినడానికి బాగానే ఉంటుంది. పొద్దున్నే పక్క మీంచి లేవలేక, గోడ పట్టుకుని చెయ్యి మార్చుకుంటూ లేచే ఆ మనిషిని చూసేది మేము కదా.

ముందు ఆయన పనేమిటో చెప్పాలి. సూరత్‌లో, లింబాయత్ సందుల్లో ఒక మరమగ్గాల కార్ఖానా. కింద నూలు గది, పైన రెండు అంతస్తుల్లో సాంచలు. మావాళ్ళు మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచకు కావలసిన పడుగు నూలంతా ఒక పొడుగాటి ఇనుప కండెకు చుట్టుకుని టెంపోలో వస్తుంది. దాన్ని బీము అంటారు. రెండు బియ్యం బస్తాల కన్నా బరువే ఉంటుంది. దాన్ని టెంపోలోంచి దించి, చెరో కొస భుజానికెత్తుకుని ఇద్దరు మనుషులు మెట్లెక్కించాలి. ఆ ఇద్దరిలో ఒకరు మా బాపు, రెండోవాడు రాజమల్లు. వరంగల్ వైపు నుంచి ఒకే రైల్లో, ఒకే సీటు కోసం కొట్లాడుకుంటూ వచ్చి స్నేహితులైన నేతగాళ్ళు.

ఇద్దరూ ఒకే ఎత్తు. బీము మోసేవాళ్ళకు అది ముఖ్యం. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి అయితే బరువంతా పొట్టివాడి మీదికి జారుతుంది. వీళ్ళ భుజాలు బద్ద పెట్టి కొలిచినట్టుంటాయని కార్ఖానాలో పని చూసే ముకాదం లింగమూర్తి మురిసిపోయేవాడు.

అయితే మెట్ల దగ్గర సంగతి వేరు. భుజాలు ఎంత సమానమైనా, మెట్లెక్కేటప్పుడు కింద ఉన్నవాడి మీదే బరువు పడుతుంది. పైవాడు దారి చూసుకుంటాడు, కొస జారకుండా పట్టుకుంటాడు. మోసేది కిందివాడు. అందుకని వాళ్ళిద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. ఒక బీముకు నువ్వు కింద, ఇంకో బీముకు నేను కింద. మలుపు దగ్గర ఒక చెక్క బల్ల వేసుకున్నారు. దాని మీద బీము దించి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. "ఏందిరా రాజమల్లు, ఇయ్యాల మటన్ తిన్నట్టున్నవ్, నువ్వే కింద పట్టు" అని బాపు అంటే, "నా వంతు నిన్ననే అయింది, వంతు తప్పించుకునే మాటలు నా దగ్గర చెప్పకు" అని ఆయన. ఎవరి నడుమూ పోలేదు.

తర్వాత నాకూ రాజమల్లు కొడుకు సాయికుమార్‌కూ పెళ్ళయింది. మా ఆయన మీద నాకు ఫిర్యాదులేమీ లేవు. ఉన్నా ఇక్కడ చెప్పను. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ కావాలంటారు కదా, వీళ్ళకు భుజాలు కూడా సమానమే అని పెళ్ళిలో అందరూ నవ్వారు. బాపు అందరికన్నా గట్టిగా నవ్వాడు. పెళ్ళి ముచ్చట్లు తీరి ఇద్దరూ మళ్ళీ పనిలోకి వచ్చిన రోజునే ఆ సమానం కాస్తా పోయింది.

నేనూ ఆ కార్ఖానాలోనే, కింద నూలు గదిలో కండెలు చుడతాను. నా మిషను ముందు కూర్చుంటే మెట్లు ఎదురుగానే కనిపిస్తాయి. ఆ రోజు టెంపో వచ్చింది. వంతు ప్రకారం కింది కొస మా మామ రాజమల్లుది. ఆయన వెళ్ళి వంగబోతుంటే బాపు అడ్డం వచ్చాడు.

"మీరు పైకి నడువుండ్రి బావా. నేను పట్టుకుంట."

మొన్నటిదాకా 'రా' అన్న నోరు 'మీరు' అంటోంది. మామ కూడా తెల్లబోయాడు.

"ఇదేంది కొత్తగ? నా వంతు గద."

"పిల్లనిచ్చినోన్ని నేను. మిమ్ముల కింద పెట్టి నేను మీద నడుస్తె బాగుంటదా? సూసెటోళ్ళు ఏమంటరు?"

చూసేవాళ్ళలో లింగమూర్తి ముందుంటాడు కదా. "మర్యాదంటె గట్లుండాలె" అని తల ఊపాడు. టెంపో డ్రైవరు కూడా ఏదో మెచ్చుకున్నాడు. బాపు ముఖం వెలిగిపోయింది. బీము లేచింది. మలుపు దగ్గర మామ బల్ల మీద దించబోతే, "బావను మెట్ల మీద నిలవెట్టుడేంది" అని బాపు ఆగకుండా ఎక్కేశాడు.

మామ రెండు మూడు సార్లు కాదన్నాడు. తర్వాత అలవాటైపోయింది. మర్యాద చేయించుకోవడానికి అలవాటు పడటం ఎంతసేపు చెప్పండి. ఆయన చెడ్డవాడు కాదు. కానీ పైకొస పట్టుకుని ఎక్కి, చేతులూపుకుంటూ దిగి వచ్చే మనిషికి, వెనకాల వస్తున్నవాడి నడుం గుర్తుకు రాదు. ఇద్దరూ మోయాల్సిన బరువు ఒక్కడి మీద పడిందని ఆ కార్ఖానాలో ఒక్కరూ అనుకోలేదు. బిక్షపతి ఎంత మర్యాదస్తుడో అనుకున్నారు.

బాపు నడుం సంగతి మొదట కనిపెట్టింది అమ్మ. మేమంతా ఉండే నవాగామ్ బస్తీలో మా అత్తవారింటికీ అమ్మవాళ్ళ గదికీ మధ్య రెండు సందులే. నేను వెళ్ళినప్పుడల్లా వంటగదిలోకి లాక్కెళ్ళి గుసగుసగా చెప్పేది. నేల మీద కూర్చుని తినడం మానేశాడట. కంచం చేత్తో పట్టుకుని నిలబడి తింటున్నాడట. ఏందయ్యా అంటే, "ఇప్పుడు పెండ్లిల్లల్ల అందరు నిలవడే తింటలేరా" అన్నాడట. తువ్వాలు కింద పడితే వంగి తీసుకోడు. ఎవరైనా వచ్చేదాకా దాని వంక చూస్తూ నిలబడతాడు. షేర్ ఆటోలో ఒక పక్కకే ఒరిగి కూర్చుంటాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడని నాకూ అనిపించింది.

డాక్టరు దగ్గరికి పొమ్మంటే పోలేదు. కార్ఖానాలో పనికిరాదని పడేసిన చీర ముక్క ఒకటి తెచ్చుకుని, నడుముకు చుట్టి, ఊపిరాడనంత బిగించడం మొదలుపెట్టాడు. కట్టు కట్టాక ఏనుగునైనా ఎత్తొచ్చట. ఆ కట్టు వల్ల బీము బరువు చిటికెడైనా తగ్గిందా? తగ్గలేదు. ఆయన ధైర్యం పెరిగింది. ఇదివరకు మోకాళ్ళు వంచి కూర్చుని, బీమును ఒంటికి ఆనించుకుని, కాళ్ళ బలంతో లేచేవాడు. కట్టు వచ్చాక మోకాళ్ళు వంచడం పోయింది, నడుం ఒక్కటే వంచి గుంజుతున్నాడు. నేను కండెలు చుడుతూ ఇదంతా చూస్తున్నాను. దారం తెగిపోయినా నాకు తెలిసేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అమ్మవాళ్ళింట్లోనే అడిగేశాను.

"మామకు చెప్పు బాపూ. ఎప్పటి లెక్కనే వంతులేసుకోండ్రి."

"సప్పుడు చేయకు బిడ్డా."

"నడుము పోతె ఏం జేస్తవ్?"

"పోదు. పిల్లనిచ్చినింటోళ్ళ దగ్గరికి పోయి నాకు బరువైతుందని ఎవరన్న చెప్పుకుంటరా? రేపు వాళ్ళింట్ల నిన్నొక మాటంటె? తిరిగి తిరిగి నీ మీదికే వస్తది."

చూశారా, నా కోసమట. నేను అత్తవారింట్లో వేళకు తింటున్నాను, హాయిగా నిద్రపోతున్నాను, మా అత్తతో సీరియల్ కథల మీద వాదులాడుతున్నాను. నన్నెవరూ పల్లెత్తు మాటనలేదు. ఎవరూ అనని ఆ మాటకు ఆయన తన నడుం అడ్డం పెట్టి కాపలా కాస్తున్నాడు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది, నానా మాటలూ అన్నాను. ఆయన అన్నీ విని, మామ చెవిన పడేస్తే తన మీద ఒట్టే అన్నాడు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను.

మామకు చెప్పకూడదు కదా, లింగమూర్తికి చెప్పొచ్చు కదా అనుకున్నాను. పై అంతస్తు కిటికీ పక్కన గోడకు ఒక ఇనుప కొక్కెం ఉంది. బీములు మెట్ల మీద కాకుండా బయటినుంచే పైకి లాగడానికి, కార్ఖానా కట్టినప్పుడు పెట్టించారట. దానికి వేలాడే గొలుసు కప్పీ ఎప్పుడో పాడైంది. దీపావళి సెలవులు అయిపోయాక బాగు చేయిద్దామని సేఠ్ అన్నాడు. ఏ దీపావళో అనలేదు.

"కప్పీ అన్న బాగ చేయించు కాకా, లేకుంటె బీముకు నలుగురిని పెట్టు" అన్నాను.

"నలుగురిని పిలిస్తె సాంచలు ఆగుతయ్ బిడ్డా. సేఠ్‌కు జవాబు నువ్విస్తవా? అయినా మీ బాపు అసొంటోడు ఉండంగ మనకు కప్పీ ఎందుకు?"

మళ్ళీ పొగడ్తే. ఆ పొగడ్త బాపు చెవిన పడిన రోజు ఇంకో బీము ఎక్కువ మోస్తాడని లింగమూర్తికి బాగా తెలుసు.

ఇక మా ఆయన. సాయికుమార్ పై అంతస్తులో సాంచలు నడుపుతాడు. విషయమంతా చెబితే దిగులు పడ్డాడు కానీ, "పెద్దోళ్ళ నడుమ నేనేం మాట్లాడాలె నీరజా" అన్నాడు. మరునాడు టెంపో వచ్చినప్పుడు సాంచ వదిలి పరుగెత్తుకొచ్చి బీము నడిమధ్య చెయ్యేయబోయాడు. ఆ మెట్లు ఎంత ఇరుకంటే, మూడో మనిషి నిలబడితే గోడకు నలిగిపోతాడు. "జరుగు అల్లుడా, తాకుతది" అని బాపే పక్కకు తోశాడు. అల్లుడికి దెబ్బ తగలకూడదు కదా, అదొక మర్యాద.

వానాకాలం నడుస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక టెంపో వచ్చింది. మొదటి బీము మెట్లెక్కింది. పైన మామ, కింద బాపు. సగం ఎక్కాక బాపు ఎడమ కాలి చెప్పు ఊడి మెట్టు మీదే ఉండిపోయింది. ఆయన ఆగలేదు. బీము దించి, దిగి వచ్చి, ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తిది, అలాగే తడి నేల మీద టెంపో దాకా నడిచాడు. నాకు మొదట నవ్వొచ్చింది. పరధ్యానం మనిషి అనుకున్నాను. టెంపో దగ్గర నూలు పెట్టెలకు కొట్టిన మేకులూ పగిలిన చెక్కలూ పడున్నాయి. వాటి మీద ఆ ఉత్త కాలు వేసి మామూలుగా నిలబడ్డాడు. అప్పుడు అర్థమైంది. చెప్పు లేదని ఆ కాలికి తెలియలేదు.

అది మామ కూడా చూశాడు. వెనక్కి మెట్లెక్కి, ఆ చెప్పు చేత్తో తీసుకుని వచ్చి, వంగి బాపు కాలి ముందు పెట్టాడు. పిల్లాడి తండ్రి పిల్ల తండ్రి చెప్పు ముట్టుకున్నాడు. బాపు పాము కనిపించినట్టు వెనక్కి జరిగాడు.

"అయ్యయ్యో, మీరు ముట్టుడేంది బావా."

"కాలికి చెప్పు లేదని తెల్వలేదా నీకు?"

"తెల్సు. ఊకెనే."

మామ నా వైపు చూశాడు. ఒట్టు సంగతి నాకు గుర్తుంది. కానీ ఇప్పుడు చెప్పేదేముంది, ఆయనే చూశాడు. నేను తల వంచుకున్నాను.  టెంపోలోంచి ముందే దించిన రెండో బీము మెట్ల ముందు పడుంది. ఆయన నేరుగా వెళ్ళి దాని కింది కొస దగ్గర నిలబడ్డాడు.

"పైకి నడువు. ఇది నేను పట్టుకుంట. మలుపుల బల్ల మీద దించుదాం."

"వద్దు బావా. మీరు మీదికి రాండ్రి."

"చెప్తుంటె ఇనవేంది? ఇన్నొద్దులు నా కండ్లకు ఏమైందో నాకే సమజైతలేదు. నడువ్ పైకి."

"పదిమందిల నా ఇజ్జత్ తియ్యకుండ్రి."

"నీ ఇజ్జత్ పాడుగాను, నడుమున్నదా పోయిందా అని అడుగుతున్న నేను."

మర్యాద కోసం మనుషులు కొట్టుకుంటారని అప్పుడే చూశాను. ఒకరి భుజం ఒకరు తోసుకుంటున్నారు. నేను మిషను ఆపి పరుగెత్తాను. పైనుంచి సాయికుమార్ దిగుతున్నాడు. లింగమూర్తి, "ఎవరో ఒకరు పట్టుండ్రయ్యా, టెంపో పోవాలె" అని అరిచాడు. ఆ మాటతో బాపు మామను పక్కకు నెట్టి, మామ రెండో కొస పట్టుకునే లోపలే, మోకాళ్ళు వంచకుండా నడుం వంచి, ఒక్కడే ఆ కొసను నేల మీంచి గుంజాడు. తాను బాగానే ఉన్నానని చూపించాలి కదా.

కొస మోకాలి దాకా లేచింది. పట్టు వదిలేశాడు. బీము దొర్లి గోడకు తగిలి ఆగింది. బాపు అరవలేదు. వంగినవాడు వంగినట్టే ఉండి, మెల్లగా మోకాళ్ళ మీదికి వచ్చి, పక్కకు ఒరిగిపోయాడు. "బిడ్డా, కాళ్ళు ఏడున్నయి" అన్నాడు నన్ను చూసి. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

ఆ పూట పై అంతస్తు సాంచలన్నీ ఆగాయి. బాపును కదలకుండా చెక్క మీద పడుకోబెట్టి ఆటో ట్రాలీ దాకా మోయడానికి ఆరుగురు మగవాళ్ళు వచ్చారు. బీముకు నలుగురిని ఇవ్వలేని కార్ఖానాలో ఆరుగురు దొరికారు. లింగమూర్తి కూడా ఒక మూల పట్టుకున్నాడు. నా నోటికి ఎంతొస్తే అంత తిట్టాను. వినపడనట్టే మోశాడు.

ఆసుపత్రిలో సాయంత్రానికి బాపుకు ఒంటికి రావడం కూడా ఆగిపోయింది. డాక్టరు ప్రణీత గుంటూరు అమ్మాయి. మాది తెలుగని తెలిసి దగ్గరికొచ్చి కూర్చుని, భయపెట్టకుండా చెప్పింది. వెన్నెముకలో రెండు పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ జారి, కాళ్ళకు పోయే నరాల మీద పడిందట. వెంటనే ఆపరేషన్ చేయాలంది.

"కాలు తిమ్మిరి ఎప్పటి నుంచండీ?" అని బాపును అడిగింది.

"ఇయ్యాలనే మేడమ్."

"అబద్ధం" అన్నాను నేను. ఎప్పటి నుంచో, ఎలా మోశాడో, కట్టు సంగతీ, వంతుల సంగతీ అన్నీ చెప్పేశాను. గది బయట మామ నిలబడి ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే గట్టిగా చెప్పాను. డాక్టరమ్మ బాపు వైపు తిరిగి, "తిమ్మిరి మొదలైనప్పుడే వచ్చి ఉంటే బాగుండేది" అంది. ఎవర్నీ తప్పుపట్టలేదు. తప్పుపట్టినా బాగుండేదేమో.

ఆపరేషన్ అయింది. నొప్పి తగ్గింది, ఒంటికి రావడం మొదలైంది. కుడి కాలికి సత్తువ వచ్చింది. ఎడమ కాలు మాత్రం బరువుగానే ఉండిపోయింది, ఆ పాదమైతే వేలాడిపోయింది. పైకి ఎత్తమంటే ఎత్తలేడు. రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. బిగుసుకుపోకుండా రోజూ ఎవరైనా ఆ పాదాన్ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఆడించాలని డాక్టరమ్మ చూపించింది. ఇక బీము మాట ఎత్తొద్దని కూడా చెప్పింది. అమ్మ బయటికి పోయి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది.

మామ రోజూ వచ్చేవాడు, కానీ గది గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయేవాడు. కారణముంది. ఆయన్ని చూడగానే బాపు లేవబోయేవాడు. కదలొద్దని ఎంత చెప్పినా, వియ్యంకుడు నిలబడి ఉంటే తాను పడుకుని ఉండటం ఆయన వల్ల కాదు. మోచేతుల మీద లేవబోయి, నొప్పికి పళ్ళు బిగబట్టి, "కుర్చెయ్యి బిడ్డా మామకు" అనేవాడు. అది చూడలేక మామ తప్పుకునేవాడు.

ఇంటికి పంపించే ముందు రోజు మధ్యాహ్నం నేను బాపు పాదం ఆడిస్తూ కూర్చున్నాను. సాయికుమార్ కిటికీ దగ్గర ఉన్నాడు. మామ వచ్చాడు. ఈసారి గుమ్మంలో ఆగలేదు. బాపు మోచేతులు ఆనించేలోపే వచ్చి, ఛాతీ మీద చెయ్యి పెట్టి పడుకోబెట్టాడు. నేను కుర్చీ తెచ్చాను. ఆయన కూర్చోలేదు. మంచానికి కాళ్ళ వైపు నేల మీద చతికిలబడ్డాడు.

"జరుగు బిడ్డా. ఇటియ్యి" అని నా చేతిలోంచి బాపు పాదం తన చేతుల్లోకి తీసుకున్నాడు.

బాపు ముఖంలో రంగు మారింది. "వద్దు బావా. మీరు నా కాలు ముట్టుకుంటె నాకు పాపం తగుల్తది. ఇడిచిపెట్టుండ్రి. నీరజా, చెప్పు మామకు."

నేను జరిగి మామకు చోటిచ్చాను. మామ ఒక అరచేత మడమ పట్టుకుని, ఇంకో చేత్తో వేళ్ళను మెల్లగా పైకి వంచాడు. బరువులు మోసి కాయలు కాసిన చేతులు, భయం భయంగా ఆడిస్తున్నాయి. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"మీకు దండం పెడ్త బావా, ఇడువుండ్రి."

"గుంజుకో" అన్నాడు మామ.

బాపు అర్థం కానట్టు చూశాడు.

"నీ కాలే గద. గుంజుకోరా బిక్షపతి. నువ్వు గుంజుకున్నవంటె ఇడిచిపెడ్త, మల్ల ముట్టుకోను."

బాపు కళ్ళు మూసుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. తొడ బిగిసింది, మోకాలు కొంచెం కదిలింది. మేమంతా మామ చేతుల వంకే చూస్తున్నాం. పాదం ఆ చేతుల్లోనే ఉంది.